నిద్ర లేపే డెస్క్‌టాప్: నాలుగు నెలల వాడకం తరువాత

బెంగళూరు మారతహళ్ళిలో నేను అద్దెకుంటున్న గదిలోని పాత డెస్క్‌టాప్‌ను నాలుగు నెలలుగా అలారం గడియారంగా వాడుతున్నాను. సోమవారం నుంచి బుధవారం దాకా ఆఫీసు క్యాబ్ తెల్లవారుజామున 5.45కే సందు చివరికి వస్తుంది. గురు, శుక్రవారాల్లో మధ్యాహ్నం షిఫ్టు. రోజుకో వేళ ఫోన్‌లోనూ పెట్టుకోవచ్చు గానీ, దిండు పక్కనున్న ఫోన్ నోరు నొక్కడానికి కళ్ళు తెరవనక్కరలేదు. కంప్యూటర్ బల్ల గదికి ఆ మూలన ఉంది కాబట్టి లేచి నడవక తప్పదు.

విండోస్‌తో పాటు వచ్చే క్లాక్ యాప్ ఈ పనికి చాలదు. కంప్యూటర్ మేల్కొని ఉంటేనే అందులోని అలారం మోగుతుంది. మనతో పాటు దాన్నీ పడుకోబెడితే ఇద్దరికీ తెల్లారిపోతుంది. రాత్రంతా నడుపుదామంటే, 50 వాట్ల చొప్పున లెక్క వేసుకున్నా ఎనిమిది గంటలకు 0.4 యూనిట్, నెలకు 12 యూనిట్లు అవుతాయి, ఫ్యాన్ రొద దానికి అదనం.

అసలు పనిమంతుడు, చెప్పిన వేళకు ప్రోగ్రామ్‌లను తెరిచే, విండోస్‌లోనే ఉండే టాస్క్ షెడ్యూలర్. ఏయే రోజుల్లో ఏ వేళకు అన్నది చెప్పి, తెరవవలసిన ప్రోగ్రామ్‌గా పాటలు వినిపించే వీఎల్‌సీని, దానికి ఒక ప్లేలిస్ట్‌ను చూపించి, కండిషన్స్ అనే చోట ‘వేక్ ది కంప్యూటర్ టు రన్ దిస్ టాస్క్’ అన్న గడిలో టిక్కు పెడితే, స్లీప్‌లో ఉన్న కంప్యూటర్ తనంతట తానే లేచి పాట అందుకుంటుంది. అయితే పవర్ ఆప్షన్స్‌లో ‘అలౌ వేక్ టైమర్స్’ కూడా ఎనేబుల్ అయి ఉండాలి. మొదటి రెండు రోజులూ నాకు ఇదే తెలియలేదు. ల్యాప్‌టాప్ వాడేవారు, చార్జర్ లేనప్పుడు పని మొదలుకాకుండా ఆపే గడిలో ముందే ఉండే టిక్కును తీసేయాలి. లినక్స్ వారికి ఆర్‌టీసీవేక్ అనే ఆదేశం ఉంది, మదర్‌బోర్డు గడియారానికి లేచే వేళ చెప్పి మరీ యంత్రాన్ని నిద్రపుచ్చుతుంది.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ ప్లేలిస్ట్ కోసం. నా దాంట్లో మొదటి రెండు నిమిషాలు వీణ, శబ్దం మెల్లగా పెరిగేలా ఆడాసిటీ అనే ఆడియో ఎడిటర్‌లో సరిచేసుకున్నది, ఆపైన నాదస్వరం, డోలు, అప్పటికీ లేవకపోతే నెల్లూరు నుంచి అమ్మ ఫోన్‌లో రికార్డు చేసి పంపిన “ఒరేయ్, క్యాబ్ వెళ్ళిపోతోంది, లేవరా!” అన్న కేక. అది మొదటిసారి మోగిన రోజున నా గదిలో ఉండే కుర్రాడు దుప్పటి తీసి, “అమ్మగారు ఎప్పుడొచ్చారన్నా?” అని తడబడుతూ లేచి కూర్చున్నాడు. ఏ అలారం గడియారంలోనూ ఈ సదుపాయం నాకు దొరకలేదు.

లోపమల్లా ఒక్కటే, అయితే చిన్నది కాదు: సరిగ్గా ఉండవలసినవి మరీ ఎక్కువ. ఒక మంగళవారం కంప్యూటర్ వేళకు లేచింది, వీణ మోగింది, డోలూ మోగింది, అమ్మా అరిచింది; అంతా బల్ల మీద పడున్న హెడ్‌ఫోన్స్‌లోకే. రాత్రి సినిమా చూసి జాక్ తీయడం మరిచిపోయినది నేనే. వైట్‌ఫీల్డ్‌కు ఆటోలో వెళ్ళవలసి వచ్చింది. కరెంటు పోయినా అలారం పోయినట్టే కాబట్టి చిన్న యూపీఎస్ తప్పనిసరి. స్పీకర్లు మాత్రం ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్డులో పాతవి కొన్నా చాలు, గది దద్దరిల్లుతుంది.

ఇంట్లో పాత కంప్యూటర్ ఉండి, సెట్టింగులతో కుస్తీ పట్టే ఓపిక ఉన్నవారికి దీన్ని నిస్సంకోచంగా చెబుతాను. ఒకే వేళకు లేచేవారికి మామూలు టేబుల్ గడియారమే మేలు. ఇప్పుడు నేను హెడ్‌ఫోన్స్‌ను తలుపు వెనక మేకుకు తగిలిస్తున్నాను, ఫోన్‌లో 5.15కి మరో అలారం పెట్టి దాన్ని తీసుకెళ్ళి కీబోర్డు మీదే ఉంచుతున్నాను.