సోహ్రా గుహల్లో మూడు రోజులు, జారిన ఒక పట్టీ

బొర్రా, బెలూం చూశాం కదా అన్న ధీమాతో మేఘాలయ వెళ్లాం, నేనూ తమ్ముడూ. బెలూంలో సందర్శకులు నడిచే ఒకటిన్నర కిలోమీటరు పొడవునా లైట్లు, మెట్లు ఉంటాయి. మేఘాలయలో మాత్రం పాకుతూ, నీళ్లలో నడుస్తూ, తాడు మీద దిగుతూ చూడాల్సిన గుహలు బోలెడు. వానాకాలంలో వాటిలోకి నీళ్లు ఉన్నట్టుండి ముంచుకొస్తాయి కాబట్టి జనవరి ఎంచుకున్నాం.

గువాహటి నుంచి షిల్లాంగ్ 100 కిలోమీటర్లు, అక్కడి నుంచి సోహ్రా మరో 50 పైచిలుకు. చిన్నప్పుడు పుస్తకాల్లో చదివిన చిరపుంజి ఇదే. బస ఒక హోమ్‌స్టేలో. ఇంటావిడను కాంగ్ అని పిలవాలి, ఖాసీలో అక్క అన్నట్టు. పసుపు అన్నం, వేడినీళ్లు, మందపాటి దుప్పట్లు అన్నీ బాగున్నాయి. కారం అలవాటైన నోటికి ఒక పచ్చడి సీసా తోడుంటే ఇంకా బాగుంటుంది.

మాస్మాయ్ గుహలో 150 మీటర్ల దాకా లైట్లున్నాయి, పిల్లలతో హాయిగా వెళ్లొచ్చు. ఆర్వాలో రాతి గోడల్లో శిలాజాలు కనిపిస్తాయి. నాకు బాగా నచ్చింది మామ్లూ. 7 కిలోమీటర్లకు పైగా ఉన్న ఈ గుహలో దొరికిన ఒక సున్నపురాతి స్తంభం ఆధారంగానే, 4,200 ఏళ్ల కిందట మొదలైన ప్రస్తుత కాలానికి 2018లో మేఘాలయన్ యుగమని పేరు పెట్టారు. గైడ్, హెల్మెట్, తల లైటు తప్పనిసరి.

అసలు చెప్పాల్సింది రెండో రోజు సంగతి. హార్నెస్ (నడుముకూ తొడలకూ బిగించుకునే పట్టీల సెట్టు) వేసుకుని తాడు మీద లోపలి గోతిలోకి దిగే ట్రిప్ అది. గుహ బయటే నిర్వాహకుల మనిషి అందరి పట్టీలు లాగి చూసి 'ఓకే' అన్నాడు. తర్వాత ఇరవై నిమిషాలు బంకమట్టిలో బోర్లా పాకాం. గోతి అంచుకు చేరాక తమ్ముడి తొడ మీద నా లైటు పడింది. బయట బకిల్ దాటి అరచేయంత వేలాడిన పట్టీ కొస ఇప్పుడు రెండు వేళ్లంతే ఉంది. నడుము పట్టీ కూడా తుంటి కిందికి దిగింది.

"ఇందాకే బిగించాడుగా అక్కా" అన్నాడు వాడు. నా కాళ్లు వణికాయి. వెనక నలుగురు, ముందు తాడు సిద్ధం.

సరిగ్గా దూర్చి ఉంటే, బరువు పడినప్పుడు పట్టీ బకిల్‌లో బిగుసుకుంటుంది. జారేది పాకేటప్పుడే. అప్పుడు బరువు ఉండదు, బకిల్ రాళ్లకు తగిలి వంకరపోతుంది, పట్టీ కదిలి కదిలి కొంచెం కొంచెంగా వదులవుతుంది. తడి, మట్టి చేరితే పట్టు ఇంకా తగ్గుతుంది. చాలాకాలం వాడటంతో అంచులు నూగు లేచిన పాత పట్టీలైతే మరీ ప్రమాదం. నడుము పట్టీ తుంటి ఎముక పైన లేకపోతే, తలకిందులైన మనిషి హార్నెస్‌లోంచి జారిపోవచ్చు. గుహ బయట చేసిన చెకింగ్ గోతి అంచు దగ్గరికి వచ్చేసరికి పాతబడిపోతుందన్నమాట.

పాత రకం బకిల్ అయితే పట్టీని ఒకసారి దూర్చి, వెనక్కి మడిచి మళ్లీ దూర్చాలి. కొస కనీసం నాలుగు వేళ్ల వెడల్పు మిగలాలి. తమ్ముడి బకిల్‌లో పట్టీ ఒక్కసారే దూరి ఉంది! గైడ్‌కు చూపిస్తే మారుమాట లేకుండా సరిచేశాడు. కానీ మిగతావాళ్లవి చూడలేదు. మేమిద్దరం దిగకుండా వెనక్కి వచ్చేశాం. కట్టిన డబ్బు తిరిగి ఇవ్వలేదు.

మూడో రోజు వేరేవాళ్లతో వెళ్లాం. రేటు కాస్త ఎక్కువే. ముందుగా హార్నెస్ లోపలి చీటీలో తయారీ సంవత్సరం నాకే చూపించారు. తయారీదారులు చాలామంది పదేళ్లకు మించి వాడొద్దంటారు, ఇది మూడేళ్లది. చెట్టుకు కట్టిన తాడు మీద ఒక్కొక్కరినీ నేలకు అడుగెత్తున రెండు నిమిషాలు వేలాడదీశారు. తమ్ముడి తొడ పట్టీ వదులుగా ఉన్న సంగతి అక్కడే బయటపడింది. లోపల గోతి అంచున మా గైడ్, ఒక పెద్దాయన, చేతి గ్లౌజు తీసి, బకిల్ మీది మట్టిని బొటనవేలితో తుడిచి, పట్టీ కొసను నాలుగు వేళ్లతో కొలిచాడు. నాది అయ్యాక తమ్ముడిది, తర్వాత తనది. తనది చూడమని నన్నే అడిగాడు.