పంట పోయాక బ్యాంకు రీషెడ్యూల్: ఎంతవరకు పనికొస్తుంది?

ముందే ఒక మాట. రీషెడ్యూల్ అంటే రుణ మాఫీ కాదు, గడువు పెంపు మాత్రమే. అలా అనుకుని వెళ్తే, రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లోని ఈ సదుపాయం మంచిదే. కాకపోతే అంతా నష్టం శాతం మీదే ఆధారపడి ఉంటుంది.

2018 ఆదేశాల ప్రకారం, పంట నష్టం 33 నుంచి 50 శాతం లోపైతే, పంట రుణాన్ని టర్మ్ లోన్‌గా (వాయిదాల్లో తీర్చే రుణంగా) మార్చి గరిష్ఠంగా రెండేళ్ల గడువిస్తారు. 50, ఆపైనైతే ఐదేళ్ల దాకా. రెండింట్లోనూ మొదటి ఏడాది మారటోరియం, అంటే వాయిదా కట్టనక్కర్లేదు. లక్ష బాకీకి లెక్కేయండి. ఐదేళ్లయితే ఏడాదికి పాతికవేల చొప్పున నాలుగు వాయిదాలు, పైన వడ్డీ. రెండేళ్లయితే మారటోరియం పోను మిగిలేది ఒక్క ఏడాదే; లక్షా అప్పుడే కట్టాలి, ఆ ఏటి కొత్త పంట రుణం కూడా నెత్తిన ఉంటుంది. 48 శాతం నష్టం రాసిన రైతుకూ 52 రాసిన రైతుకూ తేడా అక్కడ తెలుస్తుంది. ఈ-పంటలో (ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పంట నమోదులో) పేరు, సర్వే నంబరు, విస్తీర్ణం సరిగ్గా ఉన్నాయో లేదో సిబ్బంది నష్టం లెక్కలకు వచ్చినప్పుడే చూసుకోవాలి.

విపత్తు నాటికే గడువు దాటిన రుణానికి ఈ హక్కు వర్తించదు. రెన్యువల్ (గడువులోగా రుణం తిరగరాయించుకోవడం) అశ్రద్ధ చేసినవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బ్రాంచిలో జరిగే అసలు తిరకాసు వేరు. రీషెడ్యూల్ అడిగితే, "వడ్డీ కట్టండి, తిరగరాస్తాం" అంటారు. అది రెన్యువల్, రీషెడ్యూల్ కాదు. ఆ వడ్డీ కోసం రైతు బయట నూటికి రెండు రూపాయలకు తెస్తాడు. దరఖాస్తు రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. "టర్మ్ లోన్‌గా మార్చి, కొత్త పంట రుణం ఇవ్వండి" అని రెండు కోరికలూ విడివిడిగా రాయండి. కొత్త రుణం అడగనివాడికి సగం ప్రయోజనమే దక్కుతుంది. రీషెడ్యూల్‌కు బ్యాంకు అదనపు హామీ అడగకూడదు, బకాయిపై అపరాధ వడ్డీ వేయకూడదు. కొత్త రుణం ఇచ్చాక బీమా డబ్బు వస్తే పాత ఖాతాకే సర్దుతారు, దాన్ని పెట్టుబడికి లెక్కేసుకోకండి.

కౌలు రైతుకు మాత్రం ఇది దాదాపు సున్నా. రుణం భూమి యజమాని పేరున ఉంటే వాయిదా లాభమూ ఆయనదే. ఆంధ్రప్రదేశ్‌లో 11 నెలల సాగుదారు హక్కు పత్రం చేతిలో ఉన్నా, అదే పొలం మీద యజమాని ముందే రుణం తీసుకుని ఉంటే బ్రాంచి ఇంకోటి ఇవ్వడానికి వెనకాడుతుంది.