డార్క్ రొమాన్స్ నవలలు: పాఠకుల స్టార్లు ఎంతవరకు పనికొస్తాయి?

నిర్బంధం ఇతివృత్తంగా సాగే డార్క్ రొమాన్స్ నవల కొనాలనుకునే వారికి పుస్తకం కంటే ముందు కనిపించేవి దాని కింద పేరుకుపోయిన పాఠకుల సమీక్షలే. అక్కడ ఒకే అధ్యాయాన్ని చూపించి ఒకరు ఐదు స్టార్లు ఇస్తారు, మరొకరు ఒక్క స్టారు పడేసి రచయిత్రిని తిట్టిపోస్తారు. వీటన్నిటినీ కూడి భాగిస్తే వచ్చే సగటు అంకె ఎవరికీ కలగని అభిప్రాయాన్ని అందరి అభిప్రాయంగా చూపిస్తుంది. ఈ తరహా నవలలతో పాటు వాటి సమీక్షలనూ అంతే శ్రద్ధగా చదివే అలవాటు నాకుంది. డబ్బు పెట్టి కొనబోయే మనిషికి ఆ సమీక్షలు చెప్పవలసిన సంగతి చెబుతున్నాయా లేదా అన్నదే ఇక్కడ నేను తూకం వేయదలచుకున్న విషయం.

ముందుగా సరుకు గురించి రెండు మాటలు. ఇలాంటి నవలలో నాయకుడు నాయికను ఎత్తుకుపోతాడు, లేదా ఆమె తండ్రి తీర్చలేని బాకీ కింద తెచ్చుకుని తన ఇంట్లో బంధించి ఉంచుతాడు. ఆ స్థితిలోనే ఇద్దరి మధ్య ఆకర్షణ, తరువాత ప్రేమ పుడతాయి. రొమాన్స్ అన్నాక కథ సుఖాంతం కావాలన్నది రచయితకూ పాఠకులకూ మధ్య రాయని ఒప్పందం. కథ చాలాసార్లు రెండు భాగాలుగా వస్తుంది, మొదటిది సరిగ్గా ఊపిరి బిగబట్టే చోట ఆగుతుంది. ఒక అధ్యాయం ఆమె చెబితే తరువాతిది అతను చెప్పడం ఇప్పుడు దాదాపు ఆనవాయితీ అయిపోయింది.

పుస్తకం మొదటి పేజీల్లో ఉండే కంటెంట్ వార్నింగ్ ఈ సరుకులో నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. శ్రద్ధగా రాసిన హెచ్చరికలో అపహరణ, కట్టివేయడం, మత్తుమందు ఇవ్వడం, రహస్యంగా వెంబడించడం, సమ్మతి లేని లైంగిక సన్నివేశం, ఆత్మహత్య ప్రస్తావన అంటూ ఒక్కొక్కటీ విడివిడిగా ఉంటాయి. వాటిలో ఏవి నాయకుడే చేస్తాడో, ఏవి ప్రతినాయకుడు చేస్తాడో కూడా ఉంటుంది. ఈ చివరి వివరం లేని హెచ్చరిక సగం హెచ్చరికే. ప్రతినాయకుడి క్రూరత్వాన్ని పళ్లబిగువున చదివేయగలిగిన పాఠకురాలే, అదే పని చేసిన మనిషిని నాయిక చివర్లో పెళ్లాడితే పుస్తకాన్ని మూసి పక్కన పెట్టేయవచ్చు. సమ్మతి ఉందో లేదో తేల్చలేని సన్నివేశాలకు డబ్-కాన్ అనీ, అసలే లేనివాటికి నాన్-కాన్ అనీ పాఠకులు వాడుకునే గుర్తులు కూడా ఇక్కడే అక్కరకొస్తాయి. నాయిక స్పష్టంగా వద్దని చెప్పిన సన్నివేశానికి డబ్-కాన్ అని చీటీ అంటించి గడుసుగా తప్పించుకునే రచయితలు ఉన్నారు. దాన్ని నేను కల్తీగానే లెక్కవేస్తాను.

ఇక "ఇది చీకటి కథ, గుండె దిటవు లేనివారు దూరంగా ఉండండి" అన్న ధోరణిలో రెండు వాక్యాలు రాసి చేతులు దులుపుకునే హెచ్చరికలు కేవలం ప్రకటనలు, రండి చూడండి అని పిలిచేవి. పైగా చాలా ఈ-బుక్‌లు తెరవగానే ముందు పేజీలను దాటేసి నేరుగా మొదటి అధ్యాయం దగ్గర నిలుస్తాయి. వెనక్కి తిప్పి చూసే అలవాటు లేనివారికి హెచ్చరిక ఉన్న సంగతే తెలియదు. రచయిత వదిలేసిన ఈ పనిని పాఠకులు భుజాన వేసుకుంటారు. ఏ సన్నివేశం ఏ అధ్యాయంలో వస్తుందో, ఎక్కడి నుంచి ఎక్కడి వరకు దాటేస్తే కథ తెగకుండా ఉంటుందో రాసిపెట్టే సమీక్షకులు ఉన్నారు. వారికి రావలసిన మెప్పు వారికి రావడం లేదు. కథ ఎలా ఉందన్న ముక్క అందులో లేకపోయినా, ఒక వినియోగదారుగా నాకు అన్నిటికంటే పనికొచ్చే సమీక్ష అదే.

ఐదు స్టార్ల వారి వాదన తెలిసిందే: ఇది కల్పన, చదివేవారు పెద్దవారు, ఊహకూ కోరికకూ తేడా తెలియనంత అమాయకులెవరూ లేరు. ఈ వాదనలో పస ఉంది. 2008లో జర్నల్ ఆఫ్ సెక్స్ రీసెర్చ్‌లో అచ్చయిన ఒక వ్యాసం, అప్పటివరకు జరిగిన అధ్యయనాలను క్రోడీకరించి, 31 నుంచి 57 శాతం స్త్రీలకు బలవంతంతో కూడిన ఊహలు వస్తాయని లెక్క తేల్చింది. అలాంటిది నిజంగా జరగాలని వారు కోరుకుంటున్నారని దీనికి అర్థం కాదు. ఊహలో పగ్గాలు ఊహించే మనిషి చేతిలోనే ఉంటాయి, ఎక్కడ మొదలుపెట్టాలో, ఎక్కడ ఆపాలో ఆమే నిర్ణయిస్తుంది. నవల చదివేటప్పుడు కూడా ఏ పేజీ దగ్గరైనా పుస్తకం మూసేసే హక్కు పాఠకురాలికి ఉంటుంది, నాయికకు లేనిది సరిగ్గా అదే. కాబట్టి ఇవి చదివేవారి బుద్ధి మీద, శీలం మీద తీర్పులు చెప్పే ఒక్క స్టారు సమీక్షలను నేను లెక్కలోకి తీసుకోను. అయితే కల్పన అన్న ఒక్క మాటతో ప్రతి విమర్శనూ కొట్టేసే ఐదు స్టార్ల సమీక్షలతో కూడా నాకు పేచీ ఉంది. కల్పనలోనూ బాగా అల్లినదీ, అతుకుల బొంతా ఉంటాయి, కొనేవారికి తెలియవలసింది ఆ తేడాయే.

బందీ తనను బంధించిన వాడిపైనే మమకారం పెంచుకోవడాన్ని చెప్పే స్టాక్‌హోమ్ సిండ్రోమ్ అన్న మాట కనిపించని ఒక్క స్టారు సమీక్ష అరుదు. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్‌లోని ఒక బ్యాంకులో ఆరు రోజుల పాటు నలుగురు ఉద్యోగులను బందీలుగా ఉంచిన ఘటన నుంచి ఆ పేరు వచ్చింది. మానసిక వైద్యులు రోగనిర్ధారణకు వాడే డీఎస్ఎంలో అలాంటి రుగ్మత ఏదీ లేదు. సమీక్షల్లో అది వాదనకు బదులుగా వాడే తిట్టు మాత్రమే.

ఈ తగాదా కొత్తదేమీ కాదు. ఆంగ్ల రచయిత శామ్యూల్ రిచర్డ్‌సన్ రాసిన క్లారిసా అనే నవల 1747 డిసెంబరు నుంచి 1748 డిసెంబరు వరకు విడతలుగా వెలువడింది. లవ్‌లేస్ అనే వాడు క్లారిసాను మాయమాటలతో ఇల్లు దాటించి, లండన్‌లో ఒక వేశ్యాగృహంలో బంధించి, మత్తుమందు ఇచ్చి అత్యాచారం చేస్తాడు. కథ విషాదంగా ముగుస్తుందని ముందే తెలిసిన పాఠకులు, చివరి సంపుటాలు రాకముందే రచయితకు ఉత్తరాలు రాశారు. వారిలో లేడీ బ్రాడ్‌షా అనే ఆమె మారుపేరుతో రాస్తూ, లవ్‌లేస్‌ను మార్చి, క్లారిసాకు ఇచ్చి పెళ్లి చేయమని ప్రాధేయపడింది. రిచర్డ్‌సన్ ఒప్పుకోలేదు. అత్యాచారం తరువాత లవ్‌లేస్ పెళ్లికి సిద్ధపడినా క్లారిసా నిరాకరిస్తుంది, కథ ఆమె మరణం వైపే నడుస్తుంది. అంతటితో ఊరుకోక, పాఠకులు లవ్‌లేస్‌ను ఇంతగా ఇష్టపడటం చూసి కలవరపడిన రచయిత, తరువాతి ముద్రణల్లో అతని దుర్మార్గాన్ని ఎత్తిచూపే అధోజ్ఞాపికలు చేర్చాడు. ఈనాటి ఏ సమీక్షల యుద్ధంలోనైనా ఇంతకంటే కొత్త వాదన నాకు కనపడలేదు.

పాఠకులకు లవ్‌లేస్ ఎందుకు నచ్చాడన్నది కూడా ఆలోచించదగ్గదే. పాత్రలు రాసుకున్న ఉత్తరాల రూపంలో సాగే ఆ నవలలో అతని ఉత్తరాలూ ఉన్నాయి. చమత్కారంగా, ఉత్సాహంగా రాసిన ఉత్తరాలవి. అతని మనసు మనకు తెలుసు, క్లారిసాకు తెలియదు. ఇప్పటి నవలల్లో ఆమె అధ్యాయం, అతని అధ్యాయం ఒకదాని తరువాత ఒకటి రావడం చేసే పని కూడా ఇదే. అతను రాత్రంతా గది బయట నిద్రపోకుండా కూర్చున్నాడనీ, ఆమెకు హాని చేయవచ్చిన వాడిని ఆమెకు తెలియకుండానే అడ్డుకున్నాడనీ పాఠకురాలు చదివేసి ఉంటుంది. తాళం వేసిన గదిలో ఉన్న మనిషికి ఆ సమాచారం ఏదీ అందదు. చివరికి నాయిక అతన్ని నమ్మినప్పుడు, ఆ నమ్మకానికి కావలసిన ఆధారాలు ఆమె దగ్గర లేవు, మన దగ్గర ఉన్నాయి. ఆమె తరఫున మనం సమ్మతి ఇచ్చేస్తున్నామన్నమాట. ఎంత బాగా రాసిన నవలలోనైనా ఈ కిటుకు పనిచేస్తూనే ఉంటుంది. దాన్ని పట్టుకునే సమీక్షలు మాత్రం నాకు చాలా అరుదుగా తారసపడ్డాయి.

పంతొమ్మిది, ఇరవై శతాబ్దాల సంగతి విస్తరించను. ఈ.ఎం. హల్ 1919లో, క్యాథ్లీన్ వుడివిస్ 1972లో రాసిన నవలల్లో నాయకుడే నాయికపై బలాత్కారం చేస్తాడనీ, రెండూ విపరీతంగా అమ్ముడుపోయాయనీ గుర్తుంటే చాలు. ఆ అమ్మకాలను చూసి పాఠకులకు అదే కావాలని తేల్చేసిన వారికి జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన అధ్యయనం మంచి సమాధానం. ఒక ఊరి పుస్తకాల దుకాణం చుట్టూ అల్లుకున్న రొమాన్స్ పాఠకురాళ్లను ఆమె పలకరిస్తే, రొమాన్స్‌లో ఉండకూడని వాటిలో వారు అత్యాచారాన్ని ముఖ్యంగా పేర్కొన్నారు. అదే పాఠకురాళ్లు నాయకుడి కాఠిన్యం వెనుక దాగిన ప్రేమనో, అపార్థాన్నో వెతికి, దాన్ని సర్దుకుని చదువుకునేవారు. సమీక్షలు ఇప్పటికీ ఈ సర్దుబాటు చుట్టూనే తిరుగుతున్నాయి: అతను చేసినదానికి తగినంత పశ్చాత్తాపపడ్డాడా, తగినంతగా కాళ్లావేళ్లా పడ్డాడా అన్న లెక్కలు.

నా లెక్కలో మాత్రం నిర్బంధ ప్రేమకథ నిలబడేదీ, పడిపోయేదీ తలుపు తెరిచిన తరువాత. 1756లో లెప్రాన్స్ ద బోమాన్ క్లుప్తంగా తిరగరాసిన బ్యూటీ అండ్ ద బీస్ట్ కథనే చూడండి. అందులో మృగం తన కోటలో ఉంచుకున్న బ్యూటీని ప్రతి రాత్రీ నన్ను పెళ్లాడతావా అని అడుగుతుంది, ఆమె ఒప్పుకోదు, అది నిట్టూర్చి వెళ్లిపోతుంది. తండ్రిని చూసిరావడానికి ఆమెను పంపుతుంది, ఆమె గడువు దాటేదాకా రాదు, ఆ తరువాత తనంత తానుగా వస్తుంది. బయట ఉన్నప్పుడు, వెంటపడేవారు ఎవరూ లేనప్పుడు ఆమె తీసుకున్న నిర్ణయం కాబట్టే ఆ ముగింపును మనం నమ్ముతాం. ఇప్పటి నవలల్లో ఈ భాగానికి దక్కే చోటు చాలా తక్కువ.

ఈమధ్య చదివిన రెండు భాగాల నవల ఒకటి ఈ లోపానికి చక్కని ఉదాహరణ. మొదటి భాగం నిజంగా బాగుంది. పై అంతస్తు గదిలో ఉన్న నాయిక పొద్దునా సాయంత్రమా అన్నది తాళం తిరిగే చప్పుడును బట్టి పోల్చుకుంటుంది. భోజనం పళ్లెంలో ఒక రోజు చెంచా బదులు ముళ్ల చెంచా వచ్చినప్పుడు, అది నమ్మకానికి గుర్తో, పరీక్షో తేల్చుకోలేక రాత్రంతా దాన్ని తాకకుండా కూర్చుంటుంది. భయం ఎలా పనిచేస్తుందో ఎరిగిన రచయిత్రి మాత్రమే రాయగల పేజీలవి. రెండో భాగం మొదట్లో అతను తాళంచెవి ఆమె చేతికిస్తాడు, ఆమె అక్క ఇంటికి వెళ్లిపోతుంది. కొద్దిరోజులకే అతను ఎదురింట్లో అద్దెకు దిగుతాడు. దీనిని రచయిత్రి ప్రేమగా చూపిస్తుంది, నాకు అది కాస్త పెద్ద గదిలా అనిపించింది.

ఆ నవల మీద వచ్చిన ఐదు స్టార్ల సమీక్షలన్నీ నాయకుడి గురించే, ఒక్క స్టారువన్నీ అపహరణ గురించే. మూడు స్టార్లు ఇచ్చిన ఒకరు మాత్రం అందరి కళ్లూ గప్పిన విషయం ఒకటి పట్టుకున్నారు: నాయిక బయటికి వెళ్లిన తరువాతి అధ్యాయాలన్నీ వరుసగా అతని గొంతుతోనే నడుస్తాయి. గదిలో ఉన్నంతకాలం ఆమె ప్రతి ఆలోచననూ వినిపించిన రచయిత్రి, ఆమెకు స్వేచ్ఛ రాగానే ఆమె నోరు మూయించింది. ఆమె తిరిగి మాట్లాడేసరికి అతని దగ్గరికి వెళ్లాలని నిర్ణయించేసుకుని ఉంటుంది. ఎందుకన్నది మనకు వినపడదు. సమీక్షకురాలు దీన్ని నాలుగు వాక్యాల్లో, తిట్టకుండా, ఏ అధ్యాయం నుంచి ఏ అధ్యాయం వరకో చెబుతూ రాశారు.

అందుకే ఈ తరహా పుస్తకం కొనేటప్పుడు సగటు అంకెను వదిలేసి, మూడు స్టార్ల సమీక్షలను మాత్రం ఏరి చదవమంటాను. సగంలో ఆపేశామని డీఎన్ఎఫ్ అని రాసినవి కూడా, ఎక్కడ ఆపారో, ఎందుకు ఆపారో చెబితే, విలువైనవే. విడుదల రోజునే వచ్చి పడే పొగడ్తల్లో చాలావరకు ముందుగా ఉచిత ప్రతులు అందుకున్న అభిమానులవి కాబట్టి వాటిని చివరికి ఉంచుకోవచ్చు. నేను పైన చెప్పిన నవల విషయానికొస్తే, హెచ్చరిక పట్టికలో ఉన్నవి మీకు సమ్మతమైతే మొదటి భాగం నిస్సంకోచంగా కొనండి. రెండో భాగానికి నేను రెండు స్టార్లకు మించి ఇవ్వలేను. అందులో ఒకటి అక్కాచెల్లెళ్లు ఎదురెదురుగా కూర్చుని ఏమీ మాట్లాడుకోలేకపోయే ఆ ఒక్క అధ్యాయానికి.