డబ్బాలో రాళ్ల గొంతుతో నాలుగేళ్లు

తెలుగు, ఇంగ్లిష్ ప్రూఫులు దిద్దడం నా పని. నాలుగేళ్లుగా ఏ ఫైలైనా, రాసింది పైకి చదివే ఈస్పీక్ ఎన్‌జీ అనే సాఫ్ట్‌వేర్ చేత ఒకసారి చదివించుకుని విన్నాకే పంపుతున్నాను. మొదటి వారమైతే తలనొప్పే. ఇందులో మనిషి రికార్డు చేసిన గొంతు ఉండదు. ఫార్మంట్ పద్ధతిలో, అంటే ప్రతి ధ్వనినీ లెక్కలతోనే పుట్టిస్తుంది. అందుకే కొన్ని ఎంబీల్లో ఇమిడిపోతుంది, అందుకే డబ్బాలో రాళ్లేసి ఊపినట్టు మాట్లాడుతుంది. చూపు లేనివాళ్లు వాడే, తెర మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ప్రోగ్రామ్‌తో పాటే వస్తుంది, నేనూ దాంట్లోనే వింటాను. ఇంట్లోవాళ్లు ఆ మోత భరించలేమన్నారు కాబట్టి ఇయర్‌ఫోన్స్ తప్పలేదు.

నాకు పనికొచ్చింది ఆ కరకుదనమే. ఎడ్జ్ బ్రౌజర్‌లో మోహన్, శ్రుతి అని రెండు తెలుగు గొంతులున్నాయి, ఎంతసేపు విన్నా హాయిగా ఉంటాయి. ఆ హాయిలో కథ వింటున్నట్టు కొట్టుకుపోయి తప్పు వదిలేస్తాను. ఈస్పీక్ దగ్గర అలా కుదరదు. ఓసారి ‘నిన్నటి సమావేశానికి సభ్యులు రాలేరు’ అని చదివింది. అప్పటికి ఆ వాక్యం మూడుసార్లు నా కళ్ల ముందు నుంచే పోయింది. రాలేదు, రాలేరు రెండూ ఉన్న మాటలే, స్పెల్‌చెక్ గీత గీయలేదు. చెవి మాత్రం టక్కున ఆగింది.

స్పెల్‌చెక్‌కి లిబ్రేఆఫీస్ అనే ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌లోని హన్‌స్పెల్ వాడతాను. పదాల జాబితా, వాటికి చేరే ప్రత్యయాల నియమాలు, ఇవే దాని ఆధారం. మనమేమో ‘వెళ్లాల్సొచ్చిందనుకున్నా’ అని అన్నీ కలిపి ఒకే ముద్ద చేసి రాస్తాం. ఏ జాబితాకి అందుతుంది? పేజీ నిండా ఎర్రగీతలే. విసుగొచ్చి కనబడ్డ మాటల్లా సొంత నిఘంటువులో చేర్చేస్తూ పోయాను. ఆ ఊపులో ‘ఆద్యాత్మిక’ కూడా చేరిపోయింది, వత్తు లేని ద తో. ఆర్నెల్లు దానికి గీత పడలేదు. వింటున్నప్పుడూ ద, ధ తేడా నా చెవికి అందలేదు. చివరికి ఒక పాఠకుడు ఎత్తిచూపాడు. ఇప్పుడు నెలకోసారి ఆ జాబితా తెరిచి ఏరేస్తుంటాను.

వ్యాకరణం సంగతికొస్తే, తెలుగులో నమ్మి వదిలేయగల చెకర్ నాకింకా దొరకలేదు. 2003లో మొదలైన లాంగ్వేజ్‌టూల్ అనే వ్యాకరణ చెకర్‌లో తమిళం ఉంది, తెలుగు లేదు. ఇంగ్లిష్ ఫైళ్లకి అదే వాడతాను. దాని సర్వర్‌ని మన కంప్యూటర్‌లోనే నడుపుకోవచ్చు, కాబట్టి ఎవరి ఫైలో బయటికి పోతుందన్న టెన్షన్ లేదు. ‘దేర్’ (there), ‘దెయిర్’ (their) లాంటి జంటల తికమక బాగా పట్టాలంటే 8 జీబీకి పైగా ఉండే ఎన్-గ్రామ్ డేటా, అంటే ఏ మాట పక్కన ఏ మాట ఎంత తరచుగా వస్తుందో చెప్పే లెక్కలు, విడిగా దింపుకోవాలి. డిస్కులో చోటుంటే దింపుకోండి. ఈ తప్పుల్ని పట్టడం చెవి వల్ల కాదు, రెండూ ఒకేలా వినబడతాయి మరి.