పుప్పొడి ఉండలా, తేనెనా, గుప్పెడు వేరుశనగలా: ఏది మేలు?

ఒక చెంచా పుప్పొడిని తెల్ల కాగితం మీద పోసి చూస్తే, ఆవాలంతేసి ఉండలు కొన్ని నిమ్మపండు రంగులో, కొన్ని కాషాయంలో, కొన్ని ఇటుక రంగులో కనిపిస్తాయి. ఒంటికి అంటిన పుప్పొడిని తేనెటీగ కాస్త మకరందంతో తడిపి, వెనుక కాళ్లకున్న బుట్టల్లో కుక్కుకొని గూటికి చేరుతుంది. పెంపకందారులు పెట్టె ద్వారానికి బిగించిన జల్లెడలోంచి అది దూరి వెళ్లేటప్పుడు ఆ ఉండలు రాలి కింది పళ్లెంలో పడతాయి. ఆ పుప్పొడి పిల్ల ఈగల తిండి కనుక, ఎడతెరిపి లేకుండా రాల్చుకుంటే గూడే నీరసిస్తుంది.

ఒంటి బలానికని కొనేవారు ముందు లెక్క చూసుకోవాలి. పుప్పొడిలో మాంసకృత్తులు పూవును బట్టి మారినా, నూటికి 20 పాళ్లకు అటూ ఇటూగా ఉంటాయనుకుంటే, రోజూ తినే రెండు చెంచాలలో, అంటే సుమారు 10 గ్రాములలో, దక్కేది 2 గ్రాములే. గుప్పెడు వేరుశనగలలో, 30 గ్రాములు అనుకుంటే, 7 గ్రాములకు పైగా ఉంటాయి. ఒక కోడిగుడ్డులో 6 గ్రాములు. పైగా పుప్పొడి రేణువు పైపొర మన జీర్ణరసాలకు సులువుగా లొంగదు. బి విటమిన్లు, కెరోటినాయిడ్లు (పసుపు, నారింజ రంగులిచ్చే పదార్థాలు) అందులో ఉన్న మాట నిజమే కాని, చెంచాడు మోతాదులో అవి మన ఆకుకూరలను మించి చేసేదేమీ లేదు. కాబట్టి బలం విషయంలో నా ఓటు వేరుశనగలకే.

జబ్బుల మాటకొస్తే జాగ్రత్తగా చదవాలి. ప్రొస్టేట్ (మగవారిలో మూత్రాశయం కింద ఉండే గ్రంథి) వాపు లక్షణాలకు కొంత ఉపశమనం చూపిన ప్రయోగాలు ఎక్కువగా గడ్డిజాతి మొక్కల పుప్పొడి నుంచి శుద్ధి చేసి తీసిన సారంతో జరిగాయి. సీసాలో అమ్మే ఉండలకు ఆ ఫలితాన్ని అంటగట్టడం సరికాదు. జర్మనీలో రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందుతున్న మహిళలలో వేడి ఆవిర్ల బాధకు పుప్పొడి కలిపిన తేనెను, ఉత్త తేనెను పోల్చి 2015లో వెలువరించిన చిన్న అధ్యయనంలో, రెండు వర్గాలలోనూ దాదాపు ఒకే నిష్పత్తిలో మెరుగు కనిపించింది. అంటే పుప్పొడి వల్ల ప్రత్యేకంగా ఒరిగిందేమిటో అక్కడ తేలలేదు.

తేనెకు దగ్గు విషయంలో మెరుగైన ఆధారాలే ఉన్నాయి. ఏడాది దాటిన పిల్లలకు రాత్రి పడుకోబోయే ముందు ఒక చెంచా ఇవ్వవచ్చు, ఏడాది లోపు పసివారికి మాత్రం బోట్యులిజం అనే ప్రాణాంతకమైన జబ్బు ముప్పు వల్ల నాకించనే కూడదు. అయితే అందులో నూటికి 80 పాళ్లు చక్కెరలేనని మధుమేహం ఉన్నవారు మరచిపోరాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది అలర్జీ. మన చేలగట్ల మీద పెరిగే వయ్యారిభామ పడక తుమ్ములు, ఆయాసం, చర్మపు దురదలతో బాధపడేవారు ఎందరో ఉన్నారు. పొద్దుతిరుగుడు, చేమంతి కూడా అదే కుటుంబానివి. ఏ పూవు పుప్పొడి ఎంత ఉందో సీసా చూసి చెప్పలేం కనుక అటువంటివారు దీన్ని ముట్టకపోవడమే క్షేమం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారు వైద్యుణ్ణి అడగకుండా తీసుకోరాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు మానుకోవాలి. ఇవేవీ లేనివారు రుచికోసం తిన్నా, నాలుక దురదపెట్టినా, పెదవులు ఉబ్బినా, గొంతు పట్టేసినట్టు అనిపించినా వెంటనే ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.