కాబ్లర్ పరీక్షలో 28 లీటర్ల ఓటీజీ: పాసైంది, కానీ నాబ్‌ని నమ్మొద్దు

ఓటీజీ (ఓవెన్, టోస్టర్, గ్రిల్లర్ కలిసిన చిన్న కరెంటు ఓవెన్) కొన్నవాళ్లు మొదట కేకు చేసి చూస్తారు. అది పొంగితే మెషీన్ మంచిదే అనుకుంటారు. కేకు చాలా తప్పుల్ని కడుపులో దాచుకుంటుంది. ఓటీజీ అసలు రంగు బయటపడాలంటే పళ్ల కాబ్లర్ పెట్టి చూడాలి. అడుగున ముప్పావు కేజీ తడి మామిడి ముక్కలు, పైన మెత్తటి పిండి ముద్దలు. కింది రాడ్లు సరిగ్గా కాలకపోతే రసం చిక్కబడదు. పై రాడ్లు మితిమీరితే పిండి పైన మాడి లోపల పచ్చిగా మిగులుతుంది. రెండు రోగాలూ ఒకే గిన్నెలో కనబడతాయి.

ఈ రివ్యూ ఆరేడు వేల రూపాయల్లో దొరికే మామూలు ఓటీజీ గురించి. 28 లీటర్లు, 1,500 వాట్లు, పైన రెండు రాడ్లు, కింద రెండు, 250 డిగ్రీల దాకా తిరిగే నాబ్, 60 నిమిషాల టైమర్. పైన ఏ కంపెనీ పేరున్నా ఈ ధరలో లోపలి సరుకు ఇంచుమించు ఇదే, కాబట్టి పేరుతో పని లేదు.

కాబ్లర్ అంటే అమెరికా ఇళ్లలో ఎక్కువగా పీచ్ పళ్లతో చేసుకునే తీపి. అడుగున పిండి పరవడం, అంచులు నొక్కడం లాంటి తతంగమేమీ ఉండదు. పళ్ల మీద పిండిని గరిటెతో ముద్దలుగా జారవిడిచి కాల్చడమే. వైజాగ్‌లో పీచ్ కోసం తిరగడం దండగ, మామిడి ఉండగా అసలు అవసరమే లేదు.

అయితే ఏ మామిడి అన్నది ముఖ్యం. ఏప్రిల్‌లో రైతుబజార్లకు దిగే బుగ్గ ఎర్రబడ్డ సువర్ణరేఖ మన ఉత్తరాంధ్ర కాయే. కొంచెం గట్టిగా ఉన్నప్పుడే వాడితే బాగుంటుంది, పూర్తిగా ముగ్గితే నీరు ఎక్కువ. బంగినపల్లికి పీచు తక్కువ, ముక్క విరగదు, అందుకే కాబ్లర్‌కి మొదటి ఓటు దానికే. రసాలు మాత్రం వద్దు. జుర్రుకోవడానికి పుట్టిన కాయని ఓవెన్‌లో పెడితే పీచూ నీళ్లూ విడివిడిగా తేలతాయి. బొటనవేలితో నొక్కితే కాస్త లొంగి మళ్లీ నిలబడే పండు సరిగ్గా సరిపోతుంది. తొక్కా టెంకా పోగా 750 గ్రాముల ముక్కలు రావాలంటే కేజీంబావు కాయలు కొనాలి.

20 సెంటీమీటర్ల చదరపు గాజు గిన్నెకి కొలతలు ఇవి. అంగుళం ముక్కలు 750 గ్రాములు, పంచదార 70 గ్రాములు (పండు మరీ తీపైతే 50 చాలు), కార్న్‌ఫ్లోర్ రెండు టేబుల్ స్పూన్లు, నిమ్మరసం ఒక టేబుల్ స్పూను, చిటికెడు యాలకుల పొడి. పై పిండికి మైదా 150 గ్రాములు, పంచదార 30 గ్రాములు, బేకింగ్ పౌడర్ ఒకటిన్నర టీస్పూన్లు, వంటసోడా పావు టీస్పూను, చల్లటి బటర్ 70 గ్రాములు, చిక్కటి మజ్జిగ 110 మిల్లీలీటర్లు. 80 గ్రాముల పెరుగులో 30 మిల్లీలీటర్ల నీళ్లు పోసి గిలక్కొడితే అంత మజ్జిగ వస్తుంది. మన ఫ్రిజ్‌లో ఉండేది సాధారణంగా ఉప్పు బటరే, కాబట్టి విడిగా ఉప్పు వేయొద్దు.

వైజాగ్‌లో ఈ కొలతలకి రెండు శత్రువులు, ఉక్కా తేమా. బటర్ 32 డిగ్రీలు దాటితే కరిగిపోతుంది. మే నెలలో మధ్యాహ్నం వంటింట్లో అంతకంటే వేడిగానే ఉంటుంది. మైదాలో బటర్ కలిపేటప్పుడు చిన్న చిన్న పలుకులుగా మిగలాలి. ఆ పలుకులు ఓవెన్‌లో కరిగినప్పుడు వాటిలోని నీరు ఆవిరై పిండిలో పొరలు విడదీస్తుంది. ముందే కరిగి మైదాలో ఇంకిపోతే ముద్ద గుల్లబారదు, బిస్కట్టులా గట్టిపడుతుంది. అందుకని బటర్‌ని 20 నిమిషాలు డీప్ ఫ్రీజర్‌లో ఉంచి, కొబ్బరి తురుముకునే తురుముపీట మీద నేరుగా మైదాలోకి తురమండి. వేళ్లతో నలపకుండా ఫోర్కుతో కలపండి. అప్పటికే జిగురు తేలితే గిన్నెతో సహా పది నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టండి.

తేమ సంగతి ఇంకోలా ఉంటుంది. వానాకాలంలో తెరిచి ఉంచిన మైదా గాలిలో చెమ్మ పీల్చుకుంటుంది కాబట్టి మజ్జిగ మొత్తం ఒకేసారి పోయొద్దు. 95 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, గరిటె తిరగేస్తే ముద్ద రెండు క్షణాలు ఆగి బద్ధకంగా జారేదాకా చూసుకుంటూ పోయండి. పిండి కలపడం పది పన్నెండు తిప్పులకి మించకూడదు. ఎక్కువ తిప్పితే మైదా సాగుతుంది, చపాతీకి అది కావాలి గానీ ఇక్కడ కాదు. సగం వాడి రబ్బరు బ్యాండు వేసిన బేకింగ్ పౌడర్ డబ్బా కూడా ఈ ఊళ్లో తొందరగానే చస్తుంది. అర టీస్పూను పొడిని వేడి నీళ్లలో వేయండి. బుస్సుమని పొంగకపోతే ఆ డబ్బా పారేయండి.

ఇక మెషీన్ దగ్గరికి వద్దాం. 1,500 వాట్లంటే మన 230 వోల్టుల కరెంటు మీద ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంప్స్ చిన్న ప్లగ్గుకి ఇది కుదరదు, 16 ఆంప్స్ సాకెట్ కావాలి. పాత అపార్టుమెంట్ల వంటిళ్లలో అలాంటిది ఒక్కటే ఉంటుంది, అది ఏ ఫ్రిజ్‌కో పోయి ఉంటుంది. ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద గంటసేపు నడిపితే వైరు వేడెక్కుతుంది, ఆ ఆలోచన మానుకోండి. ఖర్చు భయపడేంత ఏమీ కాదు. గంటా పావు నడిచినా వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ మధ్యమధ్యలో రాడ్లు ఆర్పేస్తుంది కాబట్టి రెండు యూనిట్ల లోపే.

నాబ్ దగ్గరే అసలు తంటా. 190 దగ్గర పెట్టి పది నిమిషాలకి ఎర్ర లైటు ఆరిపోగానే ఓవెన్ వేడెక్కిందనుకుంటాం. లైటు ఆరిందంటే థర్మోస్టాట్ ఉన్న మూల వేడెక్కిందని అర్థం, గిన్నె ఉండే నడిమధ్య ఇంకా 20, 30 డిగ్రీలు వెనకబడి ఉండొచ్చు. నాలుగైదు వందలకి దొరికే ఓవెన్ థర్మామీటర్ లోపల పెడితే గుట్టు తెలిసిపోతుంది. అది లేకపోయినా పంచదార చాలు. పంచదార 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అల్యూమినియం ఫాయిల్‌తో చిన్న దొన్నె చేసి, అందులో చెంచాడు పంచదార పోసి మధ్య అరలో పెట్టండి. నాబ్ 190 మీద బాగా వేడెక్కిన ఓవెన్‌లో 15 నిమిషాలు ఉన్నా పలుకులు పలుకులుగానే ఉంటే మీ ఓటీజీ 190 అని చెప్పి అంతకంటే తక్కువ ఇస్తున్నట్టు. నాబ్ 200కి, 210కి జరిపి మళ్లీ చూడండి. ఎక్కడ కరిగి పాకమవుతుందో అక్కడ పెన్నుతో గీత గీసుకోండి, ఇక నుంచి మీ ఓవెన్‌కి 190 అంటే అదే. ఇలాంటి పరీక్షల గురించి ఒక్క ముక్క కూడా రాయకుండా మాన్యువల్‌లో కేకు బొమ్మలు వేసిన కంపెనీల్ని ఏమనాలో మీ ఇష్టం.

కాబ్లర్‌లో నూటికి తొంభైసార్లు వచ్చే ఫిర్యాదు ఒక్కటే, పైన ఎర్రగా ఉంది గానీ ముద్ద అడుగు జిగటగా ఉంది. కారణం మెషీన్ కాదు, పద్ధతి. చల్లటి పళ్ల మీద పచ్చి పిండి వేస్తే, ఆ పళ్లు వేడెక్కేలోపు పిండి అడుగు రసం పీల్చుకుని ఉడకబెట్టిన మైదాలా అవుతుంది. ఈలోగా పై రాడ్లు తమ పని తాము ముగించేస్తాయి. అందుకే పళ్లని ముందు విడిగా వేడి చేయాలి. పంచదార, కార్న్‌ఫ్లోర్ రెండూ పొడిగా కలిపి ముక్కలకి పట్టించండి, లేకపోతే కార్న్‌ఫ్లోర్ ఉండలు కడుతుంది. నిమ్మరసం చల్లి, నాలుగు రాడ్లూ వేసి, 200 దగ్గర 15 నిమిషాలు పళ్లొక్కటే పెట్టండి. అంచుల్లో చిన్న బుడగలు మొదలవ్వాలి. పిండిలో మజ్జిగ అప్పుడే కలపండి. వంటసోడా మజ్జిగ తగలగానే పని మొదలుపెడుతుంది, ముందే కలిపి ఉంచితే దాని సత్తువ గిన్నెలోనే అయిపోతుంది. సలసలమంటున్న పళ్ల మీద ఎనిమిది, తొమ్మిది ముద్దలు వేలెడు సందు వదిలి వేయండి. ముద్ద అడుగు ఆ క్షణం నుంచే ఉడకడం మొదలవుతుంది. సందులు లేకుండా కప్పేస్తే ఆవిరి పోయే దారి లేక పిండి కింద తడి నిలిచిపోతుంది.

నాబ్ 190కి దించి, గిన్నెని కింది అరలో పెట్టి 30 నిమిషాలు. ఈ సైజు ఓటీజీలో పై అర రాడ్లకి మరీ దగ్గర. వెనక వైపు వేడి ఎక్కువ, ముందు గాజు తలుపు నుంచి వేడి జారిపోతుంది. కాబట్టి 15 నిమిషాలకి గిన్నెని ఒకసారి వెనక్కీ ముందుకీ తిప్పండి. అంతకుమించి తలుపు తీయొద్దు, పోయిన వేడి మళ్లీ రావడానికి ఐదారు నిమిషాలు పడుతుంది. 20 నిమిషాలకే పైన రంగు వచ్చేస్తే సెలెక్టర్‌ని (ఏ రాడ్లు కాలాలో ఎంచుకునే నాబ్) కింది రాడ్లకి మార్చండి. ఈ ఒక్క సదుపాయం కోసమైనా మైక్రోవేవ్ కన్వెక్షన్ కంటే ఓటీజీయే నయం.

ఎప్పుడు దించాలో పై రంగు చెప్పదు, నడిమధ్య రసం చెబుతుంది. అంచుల్లో బుడగలు వస్తే చాలదు. గిన్నె మధ్యలో, రెండు ముద్దల సందులోంచి, బుడగలు చిక్కగా, బద్ధకంగా, జామ్ ఉడికినట్టు పగలాలి. కార్న్‌ఫ్లోర్ పూర్తిగా చిక్కబడాలంటే రసం మరుగు దాకా రావాలి, పలచటి బుడగలు టపటపా పేలుతుంటే ఇంకా రాలేదని లెక్క. తర్వాత మధ్య ముద్దని చెంచాతో కాస్త ఎత్తి అడుగు చూడండి. తెల్లగా, మెత్తగా, ఇడ్లీ లోపలిలా ఉంటే అయినట్టు. మెరుస్తూ ఉంటే ఇంకో ఐదు నిమిషాలు.

టైమర్ చిన్న విసుగు. అది స్ప్రింగు మీద నడిచేది. పది నిమిషాల లోపు పెట్టాలంటే ముందు 20 దాటించి వెనక్కి తేవాలి, నేరుగా తిప్పితే మధ్యలోనే గంట కొట్టేస్తుంది. ప్రీహీట్‌తో (ముందుగా ఓవెన్‌ని వేడెక్కించడంతో) కలిపి మన పని 60 నిమిషాలు దాటుతుంది కాబట్టి నడుమ ఒకసారి మళ్లీ తిప్పడం మర్చిపోతే ఓవెన్ నిశ్శబ్దంగా ఆరిపోతుంది. ఫోన్‌లో అలారం పెట్టుకోవడం ఉత్తమం.

మెషీన్‌తో ఇచ్చే పల్చటి అల్యూమినియం ట్రేలో కాబ్లర్ చేయొద్దు. మామిడీ, అనాసా పులుపుకి అల్యూమినియం స్పందించి రసానికి లోహపు రుచి అంటుతుంది. వేడి తట్టుకునే బోరోసిలికేట్ గాజు గిన్నె వాడితే పక్కనుంచి బుడగలు కూడా కనిపిస్తాయి. అయితే కొనేముందు పిడులతో కలిపి టేపుతో కొలవండి, గిన్నె సరిపోయినా పిడులు తలుపుకి తగిలి మూయనివ్వవు. ఫ్రిజ్‌లోంచి తీసిన గాజుని నేరుగా వేడి ఓవెన్‌లో పెడితే పగులుతుంది. ఆ అల్యూమినియం ట్రేకి అసలు పని గిన్నె కింద ఉండటం. పొంగిన రసం కింది రాడ్ల మీద పడితే మాడిన పంచదార కంపు వారం దాకా వదలదు.

అనాసతో చేస్తే ముక్కల్ని ముందు పొయ్యి మీద పది నిమిషాలు వాటి నీళ్లు ఇగిరేదాకా ఉడికించండి, కార్న్‌ఫ్లోర్ అర చెంచా పెంచండి, నిమ్మరసం మానేయండి. పులుపు ఎక్కువైతే కార్న్‌ఫ్లోర్ పట్టు సడలుతుంది. శీతాకాలంలో లంబసింగి స్ట్రాబెర్రీ వస్తుంది. ఒక్కటే వేస్తే సూపు అవుతుంది, సగం ఆపిల్ కలపాలి. పంచదార బదులు అనకాపల్లి బెల్లం తురుము వేస్తే రుచి గొప్పగా ఉంటుంది, పళ్లలోకే గానీ పై పిండిలోకి వద్దు, తొందరగా నల్లబడుతుంది. సీతాఫలం జోలికి అసలు పోవద్దు, వేడి చేస్తే చేదెక్కుతుంది.

దించాక అరగంట ఆగాలి. ఓవెన్‌లోంచి తీసిన వెంటనే రసం పలచగానే ఉంటుంది, చల్లారుతుంటే చిక్కబడుతుంది. పక్కన వెనీలా ఐస్‌క్రీమ్ ఉంటే సరి.

బీచ్ రోడ్డు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ వైపు ఇళ్లలో ఓటీజీకి ఇంకో పని ఉంది. ఉప్పుగాలికి జల్లెడ అరా, రొట్టెపొడి ట్రే ముందుగా తుప్పు పడతాయి. కడిగాక గుడ్డతో తుడిచి ఊరుకోకుండా ఐదు నిమిషాలు కింది రాడ్లు వేసి ఆరబెట్టండి. చల్లారేదాకా తలుపు బెత్తెడు తెరిచి ఉంచండి.

నలుగురికి మించి వండేవాళ్లు ఇంకో రెండు వేలు వేసుకుని 35 లీటర్లది తీసుకుంటే గిన్నె చుట్టూ గాలి తిరుగుతుంది, తిప్పే పని తగ్గుతుంది. 19 లీటర్లది మాత్రం ఈ పనికి కొనొద్దు. అందులో కింది అరకీ పై రాడ్లకీ మధ్య దూరం చాలక, పొంగిన ముద్దల తలలు ముందే మాడతాయి.