గూగుల్ ట్రెండ్స్ చూసి రేపటి మార్కెట్ చెప్పొచ్చా? నా రివ్యూ

వచ్చే సీజన్‌లో ఏది అమ్ముడుపోతుందో ముందే పసిగట్టడానికి డబ్బులు కట్టి వాడే టూల్స్ చాలానే ఉన్నాయి గానీ, ఎవరైనా అడిగితే నేను ముందు చెప్పేది గూగుల్ ట్రెండ్సే, అంటే గూగుల్‌లో ఒక మాటని జనం ఎప్పుడు ఎక్కువ, ఎప్పుడు తక్కువ వెతికారో గీత గీసి చూపించే సైట్. ఫ్రీ, 2006లో మొదలైంది, డేటా 2004 నుంచి దొరుకుతుంది, ఫోన్‌లోనే చూసుకోవచ్చు. 5కి 4 స్టార్లు ఇస్తున్నా. కాకపోతే కాస్త వివరంగా రాయాలనిపించింది, ఎందుకంటే దీని గ్రాఫ్ చూసేసి స్టాక్ దింపేవాళ్ళు, బిజినెస్ ప్లాన్‌లో అతికించేవాళ్ళు ఎక్కువైపోయారు, ఆ గీత అసలు దేన్ని కొలుస్తుందో మాత్రం చూసుకోవట్లేదు.

ముందు గ్రాఫ్‌లో శిఖరం దగ్గర కనిపించే 100 సంగతి. అది 100 సెర్చ్‌లూ కాదు, 100 శాతమూ కాదు. మీరు పెట్టిన టైమ్‌లో, పెట్టిన ఏరియాలో, మొత్తం సెర్చ్‌లలో ఆ మాట వాటా ఎప్పుడు బాగా ఎక్కువుందో అక్కడ 100 వేసి మిగతా అంతా దాంతో పోల్చి చూపిస్తుంది. అందుకే రేంజ్ 1 సంవత్సరం నుంచి 10 సంవత్సరాలకి మార్చగానే 80 ఉన్న నెల కాస్తా 12 అయిపోవచ్చు, జనం ఆసక్తి ఏం మారలేదు, కొలత మారింది అంతే. 0 కనిపించినా ఎవరూ వెతకలేదని కాదు, చూపించేంత డేటా లేదని.

ఈ వాటా దగ్గరే పెద్ద పెద్ద పొరపాట్లు జరుగుతాయి. లినక్స్ (విండోస్ లాంటి, కాకపోతే ఫ్రీగా దొరికే ఆపరేటింగ్ సిస్టమ్) అని కొట్టి 2004 నుంచి చూడండి, గీత కిందకి జారుతూనే ఉంటుంది, చూసినవాళ్ళెవరైనా లినక్స్ పనైపోయింది అంటారు. కానీ అదే కాలంలో ఆండ్రాయిడ్ ఫోన్లన్నీ లినక్స్ కెర్నెల్ (దాని మూల భాగం) మీద వచ్చాయి, 2017 నవంబర్ నుంచి టాప్ 500 సూపర్ కంప్యూటర్లు మొత్తం దానిమీదే నడుస్తున్నాయి. మరి గీత ఎందుకు పడింది అంటే 2004లో నెట్ వాడేవాళ్ళలో కంప్యూటర్ మనుషులు ఎక్కువ, తర్వాత సినిమాలు, ఆటలు, షాపింగ్ వెతుక్కునే కోట్ల మంది వచ్చి చేరారు, దాంతో లినక్స్ వాటా పలచబడింది. వాడకం పెరిగినా గీత పడుతుంది. ఒక పరిశ్రమ చచ్చిపోతోందని ఈ గ్రాఫ్ ఒక్కటే పెట్టి ఎవరైనా చెప్తే మాత్రం నమ్మకండి.

ఇది అదరగొట్టే పని సీజన్లు చూపించడం. సన్‌స్క్రీన్‌కి బ్రిటన్, ఆస్ట్రేలియా పక్కపక్కన పెట్టండి, ఒకటి జూన్ దగ్గర లేస్తే ఇంకోటి డిసెంబర్ దగ్గర లేస్తుంది, మొత్తం ప్రపంచం అని పెడితే ఈ రెండూ కలిసిపోయి అసలు సంగతి దాగిపోతుంది. 5 ఏళ్ళ గ్రాఫ్ వారం వారం లెక్కతో వస్తుంది కాబట్టి డిమాండ్ ఏ వారంలో లేవడం మొదలవుతుందో తెలుస్తుంది, సరుకు ఎప్పుడు ఆర్డర్ పెట్టాలో దాన్నుంచి వెనక్కి లెక్కేసుకోవచ్చు. ఈ ఒక్క ఉపయోగానికే 3 స్టార్లు ఇచ్చేయొచ్చు.

నిలబడే ట్రెండా, గాలివాటమా అన్నది కూడా కొంతవరకు ఆకారం చెప్తుంది. ఫిడ్జెట్ స్పిన్నర్ (వేళ్ళ మధ్య పెట్టి తిప్పే చిన్న బొమ్మ) 2017లో కొన్ని వారాల్లో నిట్టనిలువుగా లేచి మే నెలలో శిఖరానికి వెళ్ళి అంతే స్పీడ్‌గా పడిపోయింది. శిఖరం చూసి ఆర్డర్ పెట్టి, సరుకు చేతికొచ్చేసరికి రెండు నెలలు పట్టే వ్యాపారి గతి ఏంటి? అదే ఎయిర్ ఫ్రయర్ చూడండి, 2010ల రెండో సగంలో ప్రతి ఏడాది చివర్లో లేస్తుంది, మళ్ళీ తగ్గుతుంది, కానీ తగ్గినా పోయినేడు అంత కిందకి పోదు. నేను చూసేది ఎప్పుడూ ఆ అడుగు భాగమే. పెరుగుతున్న సెర్చ్‌ల లిస్టులో ఒక మాట పక్కన బ్రేకౌట్ అని కనిపిస్తే కంగారు పడొద్దు, 5000 శాతం కంటే ఎక్కువ పెరిగింది అని దానర్థం, దాదాపు ఏమీ లేని చోట నుంచి కొంచెం లేచినా ఆ లెక్క వచ్చేస్తుంది.

ఇంకోటి, జనం ఎందుకు వెతికారో ఇది చెప్పదు. 2021 అక్టోబర్ 28న ఫేస్‌బుక్ కంపెనీ పేరు మెటా అని మార్చగానే మెటావర్స్ (కంప్యూటర్‌తో సృష్టించే వర్చువల్ లోకం) సెర్చ్‌లు ఎగిసిపోయాయి, అదేంటో తెలుసుకుందామని వెతికారు తప్ప కొనడానికి కాదు. కొందామని వెతికినా, భయపడి వెతికినా గీత ఒకేలా లేస్తుంది.

ఫోర్‌కాస్ట్ సంగతికొస్తే గూగుల్ ఫ్లూ ట్రెండ్స్ కథ గుర్తుపెట్టుకోవాలి. 2008లో మొదలెట్టారు, అమెరికాలో ఫ్లూ ఎంతుందో సెర్చ్‌లతో ప్రభుత్వ లెక్కల కంటే ముందే చెప్తామని. 2009లో హెచ్1ఎన్1 (స్వైన్ ఫ్లూ) వచ్చినప్పుడు మొదటి వేవ్‌ని తక్కువ అంచనా వేసింది, 2012-13 చలికాలంలో మరీ ఎక్కువ చెప్పింది, 2015లో అంచనాలు పబ్లిష్ చేయడం ఆపేశారు. చలికాలంలో ఫ్లూతో పాటు పెరిగే సెర్చ్‌లు బోలెడు, హైస్కూల్ బాస్కెట్‌బాల్ కూడా అలాంటిదే, వాటికీ జబ్బుకీ సంబంధమే లేదు. అయినా సెర్చ్ డేటా పనికిరాదని నేను అనను, అప్పట్లో గూగుల్‌లో పనిచేసిన హాల్ వేరియన్, హ్యున్‌యంగ్ చోయ్ 2009లోనే చెప్పారు, ఇది భవిష్యత్తు కంటే వర్తమానాన్ని అంచనా వేయడానికి బాగా పనికొస్తుందని. కార్ల అమ్మకాల అధికారిక లెక్క వారాల తర్వాత గానీ రాదు, సెర్చ్ లెక్క ఇవాళే వస్తుంది. దీంతో అంచనా వేసేవాళ్ళు ముందు పోయినేడు ఇదే వారం అమ్మకాలతో పోల్చుకోండి, దానికంటే మీ అంచనా దగ్గరగా లేకపోతే ఈ డేటా మీకు ఏమీ కలపనట్టే.

వాడేటప్పుడు మాట టైప్ చేశాక కింద వచ్చే టాపిక్ ఎంచుకోండి, లేకపోతే యాపిల్ పండూ కంపెనీ కలిసిపోతాయి. ఒకేసారి కొన్ని మాటల్ని పక్కపక్కన పోల్చొచ్చు. ఇది శాంపిల్ డేటా, రోజు మారితే అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, చిన్న ఏరియా అయితే వేరే వేరే రోజుల్లో డౌన్‌లోడ్ చేసి సగటు తీసుకోవడం మంచిది. 2011 జనవరి దగ్గర ఏరియా గుర్తించే పద్ధతి, 2016, 2022 జనవరుల దగ్గర డేటా సేకరణ పద్ధతి మారిందని గ్రాఫ్ మీదే నోట్ ఉంటుంది, అక్కడ గీత గెంతితే మార్కెట్ గెంతిందని అనుకోకండి.

నేను ఆపిన ఆ ఒక్క స్టార్ స్కేల్ మారిపోయే గొడవకే. 2025 జూలైలో ఏపీఐని (ప్రోగ్రామ్‌లు నేరుగా ఈ డేటా తీసుకునే దారి) ఆల్ఫాగా, అంటే తొలి పరీక్ష దశలో, కొద్దిమందికి ఇస్తామని ప్రకటించారు, అందులో స్కేల్ ప్రతిసారీ మారకుండా ఒకేలా ఉంటుందట, 5 ఏళ్ళ డేటా ఇస్తారట. అదే స్కేల్ మామూలు పేజీలోకి కూడా వస్తే 5కి 5 ఇస్తా.